జాంబీ సినిమా చూడాలనుకుంటే: చిన్న బడ్జెట్ సినిమాల్లో ఎవరికి ఏది

జాంబీ సినిమా అనగానే చాలామందికి గుర్తొచ్చేది పరుగులు, అరుపులు, తుపాకులు, గుంపులు గుంపులుగా మీదపడే శవాలు. 2016లో వచ్చిన కొరియా సినిమా 'ట్రెయిన్ టు బుసాన్' చూసి ఈ దారి పట్టినవాళ్ళు నా చుట్టూ చాలామంది ఉన్నారు. మంచి సినిమా, సందేహం లేదు. కానీ "అలాంటిదే ఇంకోటి చెప్పు" అని అడిగితే మాత్రం నేను వాళ్ళను వేరే వైపు తీసుకెళ్తాను. ఈ జాతి సినిమాల్లో నన్ను గట్టిగా పట్టుకున్నవి డబ్బున్నవాళ్ళు తీసినవి కావు. వందమందికి మేకప్ వేయించే స్తోమత లేక, ఒక ఇల్లు, నలుగురు నటులు, కాస్త గాలి చప్పుడుతో నెట్టుకొచ్చినవాళ్ళు తీసినవి.

స్తోమత లేని దర్శకుడి చేతిలో మిగిలేవి రెండే: చోటు, చప్పుడు. బయట ఎన్ని శవాలు తిరుగుతున్నాయో చూపించలేడు కాబట్టి తలుపు అవతల అడుగుల చప్పుడు వినిపిస్తాడు. ఎంతమంది వచ్చారన్నది మన బుర్ర లెక్కేసుకుంటుంది, ఎప్పుడూ ఎక్కువే వేస్తుంది. పెద్ద సినిమాలో శవాన్ని దగ్గరగా, పూర్తిగా ఒకసారి చూపించేశాక భయం అక్కడితో సగం చల్లారుతుంది. వీటిలో అలా చల్లారే అవకాశం ఇవ్వరు.

అందుకే ఎంచుకునే పద్ధతి కూడా ఆ రెండింటి మీదే పెట్టుకున్నాను. రేటింగ్ చూడను. రక్తం ఎంతుందో కూడా ముందు చూడను. భయం ఏ చోట పుడుతోంది, ఆ చోటు చూసేవాళ్ళ బతుక్కి ఎంత దగ్గర, ఆ చప్పుడు వాళ్ళు చూసే గదిలో అసలు వినపడుతుందా, ఇవే చూస్తాను. అమీర్‌పేట హాస్టల్లో ముగ్గురితో గది పంచుకునే కుర్రాడికీ, నల్లగండ్లలో పై అంతస్తు ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే అమ్మాయికీ, మలక్‌పేటలో అత్తమామలతో ఉండే కోడలికీ ఒకే సినిమా చెప్పలేం.

పగ లేని శవం

సినిమాల జోలికి వెళ్ళేముందు ఒక మాట తేల్చుకోవాలి. మనం దెయ్యాల కథలతో పెరిగినవాళ్ళం. మన దెయ్యానికి ఒక కారణం ఉంటుంది. ఎవరో అన్యాయం చేసి ఉంటారు, లేదా ఆశ తీరకుండా పోయి ఉంటుంది. పగ తీరితే, శాంతి చేయిస్తే వదిలిపోతుంది. చందమామలో భేతాళ కథలు చదివినవాళ్ళకు తెలుసు, విక్రమార్కుడి భుజం మీది శవం కూడా కథ చెబుతుంది, ప్రశ్న వేస్తుంది, సరైన జవాబు వస్తే ఎగిరి చెట్టెక్కుతుంది. అంటే శవంతో కూడా మనకు ఒక ఒప్పందం ఉంది.

జాంబీతో ఆ ఒప్పందం లేదు. ఇది నాకు బాగా అర్థమైంది మా పెద్దమ్మ పక్కన కూర్చుని 1968 నాటి 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' చూసినప్పుడు. ఆమెకు ఇంగ్లీషు రాదు, అయినా కళ్ళార్పకుండా చూసింది. కాసేపటికి అడిగింది.

"వాళ్ళకేం కావాలెరా? ఏమన్న మొక్కు బాకీ ఉన్నదా?"

"ఏం లేదు పెద్దమ్మా, ఊరికే వస్తున్నారు."

"ఊరికే ఎట్లొస్తరు?"

ఈ సినిమాల భయమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఊరికే వస్తారు. నిన్న మనతో మాట్లాడిన మనిషే, అదే మొహం, అదే చొక్కా, కానీ గుర్తుపట్టడు. బతిమాలినా వినడు, దండం పెట్టినా ఆగడు, తాయెత్తు పనిచేయదు. దెయ్యాన్ని చూసి అలవాటైన మనకు ఇది కొత్త రకం టెన్షన్. ఇది మీకు పట్టదనిపిస్తే, కారణం లేని భయం విసుగ్గా ఉంటుందనిపిస్తే, కింద చెప్పేవాటిలో పాతవాటితో మొదలుపెట్టండి. ఎందుకంటే 1968కి ముందు జాంబీకి కూడా ఒక కారణం ఉండేది, ఒక యజమాని ఉండేవాడు.

జాంబీ పుట్టిల్లు కరీబియన్ సముద్రంలోని హైతీ. ఫ్రెంచివాళ్ళ చెరకు తోటల్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు చచ్చేదాకా పనిచేసిన దీవి అది. ఆ బానిసలే తిరగబడి 1804లో స్వతంత్రం తెచ్చుకున్నారు. అక్కడి నమ్మకంలో జాంబీ మనుషుల్ని తినడు. చచ్చాక కూడా ఎవడో లేపి తోటలో పని చేయిస్తాడు, అంతే. చావు కూడా విడుదల కాకపోవడం వాళ్ళ భయం. అమెరికా సైన్యం 1915 నుంచి 1934 దాకా హైతీని ఆక్రమించుకుని ఉన్న రోజుల్లోనే ఈ కథలు అమెరికాకు చేరాయి, 1932లో 'వైట్ జాంబీ' వచ్చింది. బేలా లుగోసీ నటించిన ఆ సినిమాను చాలా తక్కువ ఖర్చుతో, వేరే సినిమాలకు వేసిన సెట్లు వాడుకుని తీశారు. నటన ఇప్పుడు చూస్తే బాగా పాతబడింది, కథలో పట్టు కూడా అంతంతమాత్రమే. కానీ అందులో చక్కెర మిల్లు సీను ఒక్కటి చూడాలి. శవాలు వరసగా బుట్టలు మోసుకొచ్చి చెరకు పోస్తుంటాయి, కింద ఇంకొన్ని శవాలు గానుగ తిప్పుతుంటాయి. ఒకడు కాలు జారి యంత్రంలో పడిపోతాడు. ఎవరూ ఆగరు. తల కూడా తిప్పరు. సంగీతం లేదు, కర్ర దూలం కిర్రుమంటున్న చప్పుడు తప్ప. ఒక్క చుక్క రక్తం చూపించకుండా ఒళ్ళు జలదరించేలా చేసిన సీను అది. సినిమా మొత్తం చూసే ఓపిక లేకపోయినా ఈ సీను కోసం పెట్టుకోవచ్చు.

మొదటిసారికి: 1943దా, 1968దా?

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. రెండూ నలుపు తెలుపు, రెండూ చవగ్గా తీసినవి, రెండూ పేరున్నవి. కానీ ఒకదానికొకటి పోలికే లేదు.

'ఐ వాక్డ్ విత్ ఎ జాంబీ' 1943 నాటిది. నిర్మాత వాల్ లూటన్‌కు ఆర్‌కేఓ స్టూడియో చిన్న బడ్జెట్ ఇచ్చి, సినిమా పేరు కూడా ముందే తానే పెట్టి, ఇక తీసుకో అంది. అలాంటి చవకబారు పేరు కింద ఆయనా, దర్శకుడు జాక్ టూర్నర్ కలిసి తీసింది మాత్రం ఎంతో సున్నితమైన సినిమా. కరీబియన్ దీవిలో ఒక తోట యజమాని భార్యకు సేవ చేయడానికి కెనడా నుంచి ఒక నర్సు వస్తుంది. ఆ భార్య నడుస్తుంది, కళ్ళు తెరిచే ఉంటుంది, మాట్లాడదు. జబ్బా, మంత్రమా? చివరిదాకా ఎవరూ గట్టిగా చెప్పరు.

ఈ సినిమాను ఎంచుకోవాలంటే ఒక్క నడక చాలు. రాత్రిపూట నర్సు ఆ పలకని మనిషిని చెయ్యి పట్టుకుని చెరకు తోట గుండా తీసుకెళ్తుంది. మనిషి కంటే ఎత్తు చెరకు, సన్నని బాట. గాలికి ఆకులు రాసుకుంటున్న చప్పుడు. ఎక్కడో దూరంగా డప్పులు. చెట్టుకు వేలాడదీసిన జంతువు కళేబరం, నేల మీద పుర్రె. ఎవరూ మీద పడరు, ఎవరూ అరవరు. నడుస్తూనే ఉంటారు. తర్వాత టార్చి వెలుగులో రెండు పాదాలు కనిపిస్తాయి, వెలుగు మెల్లగా పైకి వెళ్తుంది, అక్కడ ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉంటాడు, కళ్ళు ఎటూ చూడవు. అంతే. స్టూడియోలో వేసిన తోట అని తెలిసినా నాకు ప్రతిసారీ అరచేతులు చెమటపడతాయి. చెరకు తోటలున్న ఊళ్ళ నుంచి నగరానికి వచ్చినవాళ్ళకు, జహీరాబాద్ వైపు వాళ్ళకైనా, బోధన్ వైపు వాళ్ళకైనా, ఆ చప్పుడు ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఇందులో బానిసత్వం తాలూకు బాధ కూడా దాచకుండా ఉంది. ఆ దీవిలో బిడ్డ పుడితే ఏడుస్తారు, మనిషి పోతే సంబరపడతారు అని ఒక పాత్ర చెబుతుంది. పైన చెప్పిన హైతీ చరిత్ర తెలిసి చూస్తే ఆ మాట బరువు తెలుస్తుంది. నిడివి 69 నిమిషాలు. రక్తం లేదు, అసభ్యత లేదు. పెద్దవాళ్ళతో, పదో తరగతి పిల్లలతో కలిసి చూడాలంటే ఈ పట్టికలో మొదటి ఎంపిక ఇదే.

'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' వేరే లోకం. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ప్రకటనలు తీసుకుంటూ బతికే కుర్రాళ్ళు, దర్శకుడు జార్జ్ రొమేరో వాళ్ళలో ఒకడు, సుమారు 1,14,000 డాలర్లతో తీశారు. ఊరవతల ఒక పాత ఫామ్‌హౌస్ దొరికింది, అదే సెట్టు. నెత్తురు చాక్లెట్ సిరప్. నలుపు తెలుపు కాబట్టి తేడా తెలియదు. తమాషా ఏమిటంటే, జాంబీ సినిమాలన్నిటికీ దారి చూపించిన ఈ సినిమాలో జాంబీ అన్న మాటే వినపడదు. ఏలేవాడు లేని, మాంసం తినే, ఊరికే వచ్చే శవం ఇక్కడే మొదలైంది.

కానీ నాకు ఈ సినిమాలో శవాలకంటే ఇంట్లోవాళ్ళే ఎక్కువ గుర్తుంటారు. ఏడుగురు ఆ ఇంట్లో చిక్కుకుంటారు. ఒకడు పైనే ఉండి తలుపులకు చెక్కలు కొట్టుకుందాం అంటాడు. ఇంకొకడు కింద సెల్లార్‌లోకి దిగి గడియ పెట్టుకుందాం అంటాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది, కానీ ఇద్దరికీ ఎదుటివాడు చెప్పాడన్న ఒక్క కారణంతోనే నచ్చదు. బయట శవాలు మెల్లగా చేరుతుంటే లోపల ఈ గొడవ. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌కు ఒక్కసారి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఈ సినిమాను లోపల నుంచి అర్థం చేసుకుంటారు. మధ్యమధ్యలో రేడియో, టీవీ వార్తలు వస్తుంటాయి, అధికారులు ఒక్కోసారి ఒక్కో మాట చెబుతుంటారు. 2020 వసంతంలో మనమందరం టీవీల ముందు కూర్చుని అలాంటి వార్తలే విన్నాం. అది దాటి వచ్చాక ఈ సినిమా ఇంకా దగ్గరగా తగులుతోంది.

పైన ఉందామన్న ఆ మనిషి, బెన్, నల్లజాతివాడు. నటుడు డువేన్ జోన్స్. అమెరికాలో నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్‌ను 1968 ఏప్రిల్‌లో చంపారు, సినిమా అక్టోబర్‌లో విడుదలైంది. సినిమాలో ఎవరూ అతని రంగు గురించి ఒక్క మాట అనరు. ముగింపు చూశాక ఆ మౌనం మీకు ఎలా వినిపిస్తుందో చూడండి. ముగింపు నేను చెప్పను, మీకు ఎవరైనా చెప్పబోతే ఆపేయండి.

కాబట్టి నా తీర్పు ఇది. ఒంటరిగా, లేదా ఒకరిద్దరు స్నేహితులతో, కాస్త చేదు తట్టుకునే మనసుతో ఉంటే 1968. ఇంట్లోవాళ్ళతో అయితే, నెత్తురు పడదనుకుంటే, కథలో దుఃఖం ఉంటే ఇష్టమనుకుంటే 1943. రెండూ చూసే ఉద్దేశం ఉంటే 1943 ముందు. వరస మారితే ఆ పాత సినిమా నెమ్మదిగా ఉన్నట్టు అనిపిస్తుంది, అది దానికి అన్యాయం.

ప్రింటు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. 1968 సినిమాకు పేరు మార్చేటప్పుడు కాపీరైట్ నోటీసు పడలేదు. దాంతో అమెరికాలో అది అందరి సొత్తయింది. ఎవరుపడితే వాళ్ళు వేశారు, అమ్మారు, తీసినవాళ్ళకు రావలసిన డబ్బులో చాలా భాగం రాలేదు. మనకు లాభం ఏమిటంటే నెట్‌లో చట్టబద్ధంగా ఉచితంగా దొరుకుతుంది. నష్టం ఏమిటంటే దొరికే కాపీల్లో సగం మసకబారినవి. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ వాళ్ళు అసలు నెగటివ్ నుంచి 2016లో బాగుచేసిన ప్రింటు ఉంది, వెతికి అదే చూడండి. రంగులు పులిమిన కాపీ కనిపిస్తే దాని జోలికి పోకండి.

ఫ్లాట్‌లో ఉండేవాళ్ళకు

మియాపూర్ నుంచి నార్సింగి దాకా ఇప్పుడు నగరం బతికేది అపార్ట్‌మెంట్లలోనే. లిఫ్ట్, కారిడార్, పక్కింటివాళ్ళ పేరు తెలియని బతుకు. ఈ చోటు మీద రెండు మంచి సినిమాలున్నాయి, ఒకటి స్పెయిన్‌ది, ఇంకోటి ఫ్రాన్స్‌ది.

'రెక్' 2007లో వచ్చింది. బార్సిలోనాలో ఒక టీవీ రిపోర్టర్ ఫైర్‌సర్వీస్‌వాళ్ళ నైట్ డ్యూటీ షూట్ చేయడానికి వాళ్ళతో పాటు ఒక పాత బిల్డింగ్‌కు వెళ్తుంది. ముసలావిడ ఒకామె ఇంట్లోంచి కేకలు వినపడ్డాయని ఫోన్ వచ్చింది. వీళ్ళు లోపలికి వెళ్ళాక బయట నుంచి బిల్డింగ్‌కు సీలు వేసేస్తారు. మొత్తం ఆ కెమెరామన్ కెమెరాలోంచే చూస్తాం. చివరి పావుగంటలో దీపాలు పోతాయి, కెమెరా రాత్రి మోడ్‌లో పచ్చగా మారుతుంది, మనకు కనిపిస్తుంది, ఆ రిపోర్టర్ పిల్లకు కనిపించదు. 78 నిమిషాల్లో అయిపోతుంది. నిజం చెప్పాలంటే ఇందులో ఉన్నది నెమ్మదైన వాతావరణం కాదు, గొంతు నులిమే హడావిడి. కెమెరా ఊగడం పడనివాళ్ళకు తల తిరుగుతుంది.

'ద నైట్ ఈట్స్ ద వరల్డ్' 2018 నాటిది. పారిస్‌లో ఒక పార్టీకి వెళ్ళిన కుర్రాడు ఓ గదిలో పడి నిద్రపోతాడు. పొద్దున లేచేసరికి నగరం అయిపోయింది. అక్కడి నుంచి ఒక్కడే, ఆ బిల్డింగ్‌లో. ఫ్లాట్లు ఒక్కొక్కటే తెరిచి తిండి లెక్కపెట్టుకుంటాడు, నీళ్ళు పట్టుకుంటాడు, డ్రమ్స్ వాయించుకుంటాడు. ఈ సినిమా జాంబీలు అరవవు. నోరు తెరుస్తాయి, చప్పుడు రాదు. లిఫ్ట్‌లో చిక్కుకున్న ఒక జాంబీతో అతను రోజూ కబుర్లు చెప్పుకుంటాడు, మాట్లాడడానికి ఇంకెవరూ లేక. లాక్‌డౌన్‌లో ఊరికి వెళ్ళలేక గచ్చిబౌలి ఫ్లాట్‌లో ఒంటరిగా మిగిలిపోయిన స్నేహితుడు ఒకడు దీన్ని చూసి రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. భయం కంటే దిగులు ఎక్కువ.

నలుగురు కలిసి శుక్రవారం రాత్రి చూడాలంటే 'రెక్'. ఒంటరిగా ఉంటూ, ఒంటరితనం గురించే ఆలోచిస్తుంటే 'ద నైట్ ఈట్స్ ద వరల్డ్'. మనసు బాగాలేని రోజున మాత్రం రెండోది వద్దు.

చెవులతో చూసే సినిమా

ఈ మొత్తం వ్యాసంలో ఒక్క సినిమా కోసం గట్టిగా పట్టుపట్టమంటే నేను 'పాంటీపూల్' పేరే చెబుతాను. కెనడాలో 2008లో తీశారు. ఒక చిన్న ఊళ్ళో, చర్చి నేలమాళిగలో రేడియో స్టేషన్. బయట మంచు తుఫాను. లోపల ఒక పాత అనౌన్సర్, ఒక ప్రొడ్యూసర్, ఒక అమ్మాయి. ఊళ్ళో ఏదో జరుగుతోందని ఫోన్లు వస్తుంటాయి. డాక్టర్ ఆఫీసు చుట్టూ జనం మూగారట. ఏదో వింతగా మాట్లాడుతున్నారట. తర్వాత లైన్ తెగిపోతుంది. మనం ఆ గదిలోంచి దాదాపు బయటికి రాం. ఊరు మొత్తం తగలబడిపోతుంటే మనకు వినపడేది ఫోన్లో గొంతు, దాని వెనకాల గోల.

ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం నాటకాలు విని పెరిగినవాళ్ళకు ఇది వెంటనే పట్టేస్తుంది. మైకు ముందు ఒక గొంతు ఊపిరి ఆపితే మనమూ ఆపేవాళ్ళం, గుర్తుందా? ఈ సినిమా బలమంతా అదే. రోగం అంటుకునే పద్ధతి ఇంకా వింత. కాటు వల్ల కాదు, రక్తం వల్ల కాదు, ఇంగ్లీషు భాషలోని కొన్ని మాటల వల్ల. ఏ మాటలో తెలియదు. ఇక నోరు తెరవడానికే భయం. బతకడానికి మాట్లాడడమే పనైన రేడియో మనిషిని తీసుకొచ్చి అలాంటి చోట కూర్చోబెట్టడం గొప్ప ఆలోచన. ఒక ఇబ్బంది ఉంది: మాటలు చాలా, అవీ గబగబా. సబ్‌టైటిల్స్ తప్పనిసరి, ఇంగ్లీషు అంతంతమాత్రం అనుకుంటే సగం రుచి పోతుంది. హెడ్‌ఫోన్స్ లేకుండా చూడకండి.

దీని పక్కన పెట్టాల్సింది 'ద బ్యాటరీ', 2012. జెరెమీ గార్డ్‌నర్ తీసి నటించాడు. ఖర్చు 6,000 డాలర్లు, అప్పటి మారకం రేటులో మూడు లక్షల పైచిలుకు రూపాయలు. ఇద్దరు బేస్‌బాల్ ఆటగాళ్ళు జాంబీలు నిండిన పల్లెల్లో తిరుగుతుంటారు. ఒకడికి ఈ బతుకు నచ్చేసింది, ఇంకొకడు చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాత లోకాన్ని వదలడు. ఒక చోట టూత్‌బ్రష్‌లు దొరికితే ఇద్దరూ తోముకునే సీను ఉంది, కట్ లేకుండా, వాళ్ళ ఆనందం చూస్తూ ఉండిపోతాం. చివర్లో కారులో చిక్కుకుంటారు. కెమెరా వెనక సీట్లో కదలకుండా కూర్చుంటుంది. బయట శవాలు అద్దాలు కొడుతుంటాయి. నిమిషాలకు నిమిషాలు అలాగే, మనమూ ఆ కారులోనే.

'పాంటీపూల్' బుర్రకు పని పెడుతుంది, 'ద బ్యాటరీ' ఓపికకు. పని నుంచి వచ్చి అలసిపోయిన రాత్రి రెండూ వద్దు. సెలవు రోజు తీరిగ్గా అయితే మొదట 'పాంటీపూల్'. కానీ కృష్ణానగర్‌లో గది తీసుకుని షార్ట్ ఫిల్మ్‌లు తీస్తూ అవకాశం కోసం తిరుగుతున్న కుర్రాళ్ళు మీరైతే వరస తిప్పండి. 'ద బ్యాటరీ' రెండుసార్లు చూడండి, ఒకసారి కథ కోసం, ఒకసారి ఏమేం తీయకుండా వదిలేశాడో చూడడం కోసం. ఆ తర్వాత జపాన్ సినిమా 'వన్ కట్ ఆఫ్ ద డెడ్' చూడండి. 2017, ముప్ఫై లక్షల యెన్‌లు. మొదటి 37 నిమిషాలు ఒకే షాట్. ఆ భాగం ఏదో తేడాగా ఉందని మధ్యలో ఆపేయకండి, దయచేసి. అది భయపెట్టే సినిమా కాదు, సినిమా తీయడం మీద ప్రేమతో నవ్విస్తూ ఏడిపించే సినిమా. 'కోలిన్' అని బ్రిటన్‌లో 45 పౌండ్లతో తీశానని దర్శకుడు చెప్పుకున్న సినిమా కూడా ఉంది, జాంబీ అయిపోయినవాడి వైపు నుంచి కథ. ఆ ఆలోచనకు దండం పెడతాను, సినిమాగా మాత్రం అందరికీ చెప్పను.

మిగిలినవి, త్వరగా

'కార్నివాల్ ఆఫ్ సోల్స్' (1962) జాంబీ సినిమా అని కచ్చితంగా అనలేం. కాన్సాస్‌లో పాఠాల సినిమాలు, ఫ్యాక్టరీల సినిమాలు తీసే హెర్క్ హార్వే జీవితంలో తీసిన ఒకే ఒక్క పూర్తి నిడివి కథాచిత్రం. ఉప్పు సరస్సు ఒడ్డున పాడుబడ్డ వినోదశాల, చర్చి ఆర్గన్ సంగీతం, తెల్లటి మొహాలు. ఒంటరిగా, వాన పడుతున్న రాత్రి చూస్తే దీన్ని మించింది లేదు. రామ్‌గోపాల్ వర్మ 1992లో తీసిన 'రాత్రి' నచ్చినవాళ్ళకు, అంటే మామూలు ఇల్లూ మామూలు మధ్యాహ్నమూ భయపెట్టగలవని తెలిసినవాళ్ళకు, ఇది వెంటనే నచ్చుతుంది.

స్పెయిన్ నుంచి 1972లో వచ్చిన 'టూంబ్స్ ఆఫ్ ద బ్లైండ్ డెడ్'లో శవాలకు కళ్ళు లేవు, చప్పుడు విని వస్తాయి. పాడుబడ్డ మఠం, స్లో మోషన్‌లో గుర్రాలు. చప్పుడు మీద ఇంత పట్టున్న సినిమా అరుదు, కానీ కథ బలహీనం, స్త్రీల మీద హింస ఉంది. ఇంట్లోవాళ్ళతో అసలు వద్దు.

'28 డేస్ లేటర్' (2002) పైవాటిలా చిన్నది కాదు, అందులో ఉన్నవి శవాలు కూడా కావు, రోగం సోకి పరుగెత్తే మనుషులు. అయినా మామూలు డిజిటల్ వీడియో కెమెరాతో, తెల్లవారుజామున ట్రాఫిక్ కాసేపు ఆపి తీసిన ఖాళీ లండన్ కోసం చెప్పాలి. 2020 మార్చిలో ట్యాంక్‌బండ్ మీద ఒక్క బండి కూడా లేని ఫొటోలు చూసినవాళ్ళకు ఆ పది నిమిషాలు ఊహలా అనిపించవు.

మన తెలుగు సంగతి. ప్రశాంత్ వర్మ 2021లో తీసిన 'జాంబీ రెడ్డి' రాయలసీమ కక్షల మధ్యలోకి జాంబీలను వదిలింది, సరదాగా గడిచిపోతుంది, థియేటర్లో ఈలలు వేయించే సినిమా. కుటుంబంతో నవ్వుకోవాలంటే అదే పెట్టుకోండి. నేను ఇక్కడ చెబుతున్న మూడ్ మాత్రం అందులో వెతక్కండి, వాళ్ళు తీయాలనుకున్నది అది కాదు. పటాన్‌చెరు వైపు మూతపడ్డ ఫ్యాక్టరీ షెడ్డు, ఒక నైట్ వాచ్‌మన్, ఒక రేడియో. ఇంతే పెట్టుకుని ఎవరైనా తెలుగులో ఈ రకం సినిమా తీస్తే మొదటి టికెట్ నేను కొంటాను.

చూసేటప్పుడు

హైదరాబాద్‌లో ఈ సినిమాలకు పెద్ద శత్రువు రొద. మెయిన్ రోడ్డు పక్క ఇల్లయితే హారన్లు, వినాయక చవితి రోజుల్లో మైకులు, ఎండాకాలం కూలర్. చెరకు ఆకుల చప్పుడు కూలర్ గాలిలో కలిసిపోతే ఆ సినిమా చూడనట్టే. రాత్రి పదకొండు దాటాక, ఫ్యాన్ తగ్గించి, ఫోన్ అవతల గదిలో పెట్టి చూడండి. వానాకాలం మంచిది. స్పీకర్లు నాసిరకం అయితే చెవులు మూసే హెడ్‌ఫోన్స్ నయం, ఇద్దరైతే స్ప్లిటర్ తెచ్చుకోండి.

టీవీ సెట్టింగుల్లో వివిడ్ మోడ్ తీసేసి సినిమా మోడ్ పెట్టండి. కదలికను నున్నగా చేసే మోషన్ ఆప్షన్ కూడా ఆపేయండి, అది ఉంటే పాత సినిమా కూడా సీరియల్‌లా కనిపిస్తుంది. నలుపు తెలుపు సినిమాలకు బ్రైట్‌నెస్ పెంచకండి. చీకట్లో ఏమీ కనపడటం లేదని పెంచాలనిపిస్తుంది, కానీ కనపడకపోవడం కోసమే దాన్ని అలా తీశారు. హాస్టల్లో లాప్‌టాప్ మీద చూసేవాళ్ళు 'ఐ వాక్డ్ విత్ ఎ జాంబీ' పక్కన పెట్టి 'పాంటీపూల్' పెట్టుకోండి, చిన్న స్క్రీన్ దానికి అడ్డం కాదు.

ఇంకా తేల్చుకోలేకపోతే మూడు శనివారాలు తీసుకోండి. మొదటి వారం 1943 నాటి చెరకు తోట, రెండో వారం 1968 నాటి ఫామ్‌హౌస్, మూడో వారం రేడియో స్టేషన్. మూడింటిలో ఏ ఒక్కటీ పట్టుకోకపోతే ఈ నెమ్మదైన రకం మీకు పడదు. అప్పుడు పరుగెత్తే జాంబీల వైపే వెళ్ళండి, 'రెక్'తో మొదలుపెట్టి.